ఏకకణ శైవలాల్లో హరితరేణువు రూపాంతరాలు: పాఠ్యపుస్తకంలోని గిన్నె ఆకారం ఏ దశకు చెందింది?

తామరకొలను:

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. ఏకకణ పచ్చ శైవలమైన క్లామిడోమోనాస్ కణంలో గిన్నె ఆకారపు హరితరేణువు ఒక్కటే ఉంటుందనీ, దాని అడుగుభాగంలో పైరినాయిడ్ అనే ముద్ద, ఒక పక్కన ఎర్రని కంటిచుక్క ఉంటాయనీ మనమంతా చదువుకున్నాం, పరీక్షల్లో అదే బొమ్మ గీశాం. ఈ ఏడాది ప్రయోగ తరగతిలో మాత్రం పుస్తకం మూసిపెట్టి, సూక్ష్మదర్శినిలో కనిపించింది కనిపించినట్టే గీయమని విద్యార్థులకు చెప్పాను. వచ్చిన బొమ్మల్లో గిన్నెలు ఉన్నాయి. వాటితో పాటు అంచులు లోపలికి వంగి దాదాపు మూసుకుపోయిన గోళాలు, నడుమ నొక్కుకుపోయి రెండు తమ్మెలుగా మారిన ఆకుపచ్చ రాశులు, పైరినాయిడ్ అసలే కనిపించని కణాలు, ఒకే గోడ లోపల ఇమిడిన నాలుగు చిన్న గిన్నెలు కూడా ఉన్నాయి. ఒక విద్యార్థిని నాలుగు కశాభాలు (ఈదడానికి తోడ్పడే కొరడా వంటి పోగులు), రెండు కంటిచుక్కలు, రెండు విడి హరితరేణువులు ఉన్న కణాన్ని గీసి తెచ్చింది.

వీటిని తప్పులని కొట్టివేయడానికి నాకు మనసు ఒప్పలేదు. ఏ ఆకారం జీవితచక్రంలో ఏ దశకు చెందుతుందో, ఆ మార్పు ఎలా జరుగుతుందో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను. మిగతా ఏకకణ శైవలాల విషయం కూడా రాస్తే తరగతికి ఉపయోగపడుతుంది.

కణచక్రం:

తామరకొలను గారూ, మీరు వాటిని కొట్టివేయకపోవడం చాలా మంచిదైంది. మీరు పేర్కొన్న ఆకారాల్లో దాదాపు అన్నీ క్లామిడోమోనాస్ రైన్‌హార్టీ జీవితంలో నిజంగా ఉన్న దశలే. పాఠ్యపుస్తకంలోని గిన్నె, అప్పుడే గోడ చీల్చుకుని బయటపడి కొంత పెరిగిన కణానిది. ఆ దశ ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి బొమ్మల్లో అదే స్థిరపడింది.

ముందు అలైంగిక చక్రాన్ని చూద్దాం. ఈ కణం మన శరీర కణాల మాదిరిగా రెట్టింపు అయిన ప్రతిసారీ రెండుగా చీలిపోదు. వెలుగు ఉన్నంతసేపూ పెరుగుతూ పోయి, తొలి పరిమాణానికి ఎన్నో రెట్లయిన తరువాత, వరుసగా రెండు మూడు విభజనలు జరుపుకుని నాలుగు లేదా ఎనిమిది పిల్లకణాలను ఇస్తుంది. బాగా పెరిగిన కణం నుంచి పదహారు కూడా రావచ్చు. పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు చొప్పున వెలుగు చీకట్లను మార్చుతూ పెంచితే వర్ధనంలోని (సీసాలో పెంచుతున్న శైవలంలోని) కణాలన్నీ ఇంచుమించు ఒకే దశలో నడుస్తాయి, విభజన చీకటి మొదలయ్యే వేళకు వస్తుంది. మీ వర్ధనం కిటికీ దగ్గర పెట్టినదైతే కణాలు పాక్షికంగానే ఏకకాలీనమై ఉంటాయి. అందువల్లనే ఒకే బిందువులో మీ విద్యార్థులకు ఇన్ని దశలు దొరికాయి.

పెరుగుదల కాలమంతా హరితరేణువు కణంతో పాటే పెరుగుతుంది. కణం ఘనపరిమాణంలో సుమారు సగం దానిదే. అడుగుభాగం మందమవుతుంది, అంచులు తమ్మెలుగా సాగి ముందుభాగం వైపు పాకుతాయి, కొన్ని తమ్మెలు కేంద్రకాన్ని చుట్టుముట్టినట్టు వంగుతాయి. మీరు చెప్పిన మూసుకుపోయిన గోళం ఇదే. అది కణం బాగా పెరిగి విభజనకు సిద్ధమైన సమయం.

తరువాత కశాభాలు లోపలికి ఇంకిపోతాయి, గోడ లోపల జీవపదార్థం పక్కకు తిరుగుతుంది, గిన్నె అడుగున నొక్కు పడుతుంది. ఉర్సులా గుడినఫ్ 1970లోనే ఈ కణంలో హరితరేణువు విభజననూ పైరినాయిడ్ ఏర్పడే తీరునూ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి రాశారు. కణద్రవ్యం రెండుగా విడిపోయేలోగా హరితరేణువు విభజన ముగుస్తుంది. పిల్లకణానికి దక్కేది గిన్నెలో ఒక ముక్క. దాని అంచులు మళ్లీ పెరిగి వంగినప్పుడే అది గిన్నె అవుతుంది.

పైరినాయిడ్ సంగతి ఇంకా ఆసక్తికరం. అది రూబిస్కో అనే ఎంజైము దట్టంగా చేరిన ముద్ద, చుట్టూ పిండిపదార్థపు పలకలు ఉంటాయి. చాలాకాలం దానిని స్ఫటికం వంటి గట్టి పదార్థంగా భావించారు. అది ద్రవబిందువులా ప్రవర్తిస్తుందనీ, విభజన సమయంలో దానిలో కొంత భాగం అవర్ణికలోకి, అంటే హరితరేణువు లోపలి ద్రవంలోకి, కరిగి చెదిరిపోయి తరువాత మళ్లీ గడ్డకడుతుందనీ 2017లో సెల్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. సాధారణంగా పైరినాయిడ్ రెండుగా తెగి పిల్లకణాలకు చేరుతుంది. అలా చేరని పిల్లకణంలో కొత్తగా ఏర్పడుతుంది. కాబట్టి పైరినాయిడ్ లేని బొమ్మ కూడా నిజమై ఉండే అవకాశం ఉంది.

గాజుపలక:

కణచక్రం గారి వివరణకు ఒక జాగ్రత్త జోడించాలి. పైరినాయిడ్ కనిపించలేదంటే ముందుగా అనుమానించవలసింది నాభీకరణాన్ని (ఫోకస్‌ను). కణం గోళాకారంలో ఉంటుంది, నలభై రెట్ల వస్తుకటకం కింద ఒకసారికి దానిలో ఒక పలుచని పొర మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది. సూక్ష్మ సర్దుబాటు మరను నెమ్మదిగా తిప్పుతూ కణాన్ని పైనుంచి కిందికి పూర్తిగా చూసిన తరువాతనే ఏదైనా లేదని రాయాలి. గిన్నెను నోటి వైపు నుంచి చూస్తే వలయంలా, అడుగు వైపు నుంచి చూస్తే నిండు బిళ్లలా, పక్క నుంచి చూస్తే గిన్నెలా కనిపిస్తుంది. మూడు వేర్వేరు ఆకారాలని విద్యార్థులు గీసినవి ఒకే ఆకారపు మూడు పార్శ్వాలు కావచ్చు. దశ వల్ల వచ్చిన తేడా ఏది, చూపు కోణం వల్ల వచ్చిన తేడా ఏది అని విడదీయడం ఈ విషయంలో మొదటి పని.

పలుచని అయోడిన్ ద్రావణం ఒక చుక్క వేస్తే పైరినాయిడ్ చుట్టూ ఉన్న పిండిపదార్థం ముదురు రంగులో బయటపడుతుంది. కణాలు కదలడం ఆగుతాయి, కశాభాలు కూడా స్పష్టమవుతాయి.

తొలిసంజ:

నేను స్నాతకోత్తర విద్యార్థిని. నాకు ఒక సందేహం ఉంది. హరితరేణువు తనంతట తాను విభజన చెందుతుందా, లేక కణాన్ని రెండుగా చీల్చే గాడి దానిని కూడా కోసేస్తుందా? కణంలో హరితరేణువు ఒక్కటే ఉన్నప్పుడు, ఆ విభజన ఆలస్యమైతే ఒక పిల్లకణం హరితరేణువు లేకుండా మిగిలిపోవాలి కదా?

గంధకపు ఊట:

తొలిసంజ గారూ, ఈ ప్రశ్నకు సమాధానం ప్రధానంగా ఒక ఎర్ర శైవలం నుంచి వచ్చింది. దాని పేరు సయనిడియోస్కైజాన్ మెరోలే. అత్యంత ఆమ్లత ఉన్న వేడినీటి ఊటల్లో, సుమారు 45 డిగ్రీల దగ్గర పెరిగే ఈ కణం రెండు మైక్రోమీటర్ల కన్నా పెద్దది కాదు. దానిలో ఒక కేంద్రకం, ఒక మైటోకాండ్రియా, ఒక హరితరేణువు మాత్రమే ఉంటాయి, గట్టి కణకవచం ఉండదు. జీనోము కూడా చిన్నదే, సుమారు 1.65 కోట్ల బేస్ జతలు. 2004లో దాని క్రమం వెలువడింది. ప్రతి అంగకం ఒక్కటే ఉండటం వల్ల ఏది ముందు చీలుతుంది, ఏది తరువాత చీలుతుంది అన్నది ఈ కణంలో తేటగా కనిపిస్తుంది.

విభజన లేని దశలో దీని హరితరేణువు గుండ్రంగా ఉంటుంది. విభజనకు సిద్ధమవుతూ కోలగా సాగుతుంది, నడుమ సన్నబడి డంబెల్ రూపం పొందుతుంది, చివరకు తెగి రెండు గోళాలవుతుంది. హరితరేణువు తరువాత మైటోకాండ్రియా, ఆ తరువాత కేంద్రకం, కణద్రవ్యం విడిపోతాయి. అంటే కణపు గాడి వచ్చేసరికి హరితరేణువు తన పని ముగించుకునే ఉంటుంది.

ఆ నడుమును బిగించేవి కొన్ని వలయాలు. దీనికి సమీప బంధువైన సయనిడియం కాల్డేరియంలో హరితరేణువు చుట్టూ ఒక వలయం ఉందని జపాన్‌లో సునెయోషి కురొయివా బృందం 1986లో ప్రకటించింది. తరువాతి పరిశోధనల్లో మొత్తం నిర్మాణం స్పష్టమైంది. లోపల, అవర్ణిక వైపు, ఎఫ్‌టీఎస్‌జడ్ అనే ప్రోటీన్ వలయం ఉంటుంది. ఇది బాక్టీరియాలు తమను తాము విభజించుకోవడానికి వాడే ప్రోటీనే, హరితరేణువుకు పూర్వజులైన సయనోబాక్టీరియాల నుంచి వచ్చింది. వెలుపల, కణద్రవ్యం వైపు, డైనమిన్ వర్గానికి చెందిన ప్రోటీన్ వలయం ఉంటుంది. ఇది ఆతిథ్యమిచ్చిన కణం సమకూర్చినది. కురొయివా బృందం చూసిన వెలుపలి వలయపు తంతువులు గ్లూకోజు గొలుసులతో తయారవుతాయని 2010లో తేలింది. ఒక అంగకాన్ని తెంపడానికి లోపలి నుంచి పాత సయనోబాక్టీరియా యంత్రాంగం, బయటి నుంచి ఆతిథేయి యంత్రాంగం ఒకే చోట, ఒకే సమయంలో పని చేయడం నన్ను ఇప్పటికీ అబ్బురపరిచే విషయం. హరితరేణువు విభజనకు కావలసిన జన్యువుల్లో అధికభాగం కేంద్రకంలోనే ఉన్నాయి కాబట్టి, ఎప్పుడు చీలాలో నిర్ణయించే అధికారం చాలావరకు కేంద్రకం చేతిలో ఉంది.

మీ రెండవ ప్రశ్నకు 2016లో సమాధానం దొరికింది. హరితరేణువు నడుము బిగుసుకోవడం మొదలుకాకుండా అడ్డుకుంటే ఈ శైవలంలో కణచక్రం సమవిభజన ప్రథమదశలోనే ఆగిపోతుంది. కేంద్రకం హరితరేణువు కోసం వేచి ఉంటుంది. హరితరేణువు ఒక్కటే ఉన్న కణాల్లో పిల్లకణం దానిని పోగొట్టుకోకుండా కాపాడే ఏర్పాటు ఇది.

ఉప్పుమడి:

గంధకపు ఊట గారు రాసినది విభజన సమయపు ఆకారం గురించి. మిగిలిన సమయంలో ఆకారానికి అంత ప్రత్యేకమైన నియంత్రణ అవసరమని నేను అనుకోవడం లేదు. కణం ఎంత పెద్దదైతే హరితరేణువుకు అంత చోటు దొరుకుతుంది, పిండిపదార్థం చేరితే ఉబ్బుతుంది, నూనె బిందువులు పెరిగితే పక్కకు నొక్కుకుపోతుంది. ఒత్తిడి దశల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

ఉప్పునీటిలో బతికే డునాలియెల్లా సలీనాలో కూడా గిన్నె ఆకారపు హరితరేణువే ఉంటుంది, గట్టి కణకవచం ఉండదు. ఎండ, ఉప్పు ఎక్కువై నత్రజని తగ్గినప్పుడు హరితరేణువు లోపలే నూనె బిందువులు ఏర్పడి వాటిలో బీటా కెరోటిన్ చేరుతుంది. అనుకూల పరిస్థితుల్లో అది పొడి బరువులో పదో వంతు వరకు ఉంటుంది. అప్పుడు గిన్నె నారింజరంగుకు తిరుగుతుంది, ఆకారం మాత్రం గిన్నెగానే గుర్తుపట్టవచ్చు. దీనికి భిన్నంగా, వాననీటి గుంటల్లో కనిపించే హిమటోకాకస్‌లో ఎర్ర వర్ణకమైన ఆస్టాజాంథిన్ హరితరేణువు వెలుపల, కణద్రవ్యంలోని నూనె బిందువుల్లో, కేంద్రకం చుట్టూ మొదలై నిండుతుంది. కదిలే కణం కశాభాలు విడిచి మందపాటి గోడతో కోశంగా మారుతున్న కొద్దీ హరితరేణువు కుంచించుకుపోయి అంచులకు చేరుతుంది. కోశానికి మళ్లీ నత్రజని, వెలుగు అందితే లోపల విభజనలు జరిగి ఆకుపచ్చని కదిలే కణాలు బయటకు వస్తాయి, వాటిలో గిన్నె మళ్లీ నిలబడుతుంది. రెండూ ఎర్రబడే శైవలాలే అయినా ఒకదానిలో రంగు హరితరేణువును నింపుతుంది, మరొకదానిలో హరితరేణువును పక్కకు నెడుతుంది. రెండు సందర్భాల్లోనూ ఆకారాన్ని నిర్ణయించినది చోటు మాత్రమే అని నా అభిప్రాయం.

కణచక్రం:

ఉప్పుమడి గారూ, చోటుకు పాత్ర ఉందన్న మాటను నేను కాదనను. కానీ చోటు మాత్రమే అనడం సరిపోదు. క్లామిడోమోనాస్ కంటిచుక్కనే తీసుకోండి. అది హరితరేణువు పొరకు ఆనుకుని ఉండే కెరోటినాయిడ్ బిందువుల వరుస. విభజనకు ముందు పాత కంటిచుక్క విడిపోతుంది, ప్రతి పిల్లకణంలో కొత్తది ఏర్పడుతుంది. ఆ కొత్తది ఎక్కడో ఒకచోట ఏర్పడదు. కశాభాల అడుగు నుంచి వెనుకకు సాగే సూక్ష్మనాళికల కట్టల్లో ఒక నిర్దిష్టమైన నాలుగు నాళికల కట్ట పక్కనే ఏర్పడుతుంది. అంటే హరితరేణువులో ఏ భాగం కణంలో ఏ దిక్కున ఉండాలో కణపంజరం సూచిస్తున్నది. వెలుగు ఏ వైపు నుంచి వస్తున్నదో గుర్తించి ఈదడానికి ఆ అమరిక తప్పనిసరి.

మరొక ఉదాహరణ అసిటాబులేరియా. అది కొన్ని సెంటీమీటర్ల పొడవు పెరిగినా ఒకే కేంద్రకం ఉన్న ఒకే కణం. దానిలో హరితరేణువులు లక్షల్లో ఉంటాయి. అవి పగటిపూట కోలగా సాగి, రాత్రి గుండ్రబడతాయని 1960ల్లో తెరేజ్ వాండెన్ డ్రీష్ గుర్తించారు. అక్కడ కణం పరిమాణం పగటికీ రాత్రికీ మారడం లేదు, చోటూ మారడం లేదు. అలాగే వెలుగు వెదజల్లే పైరోసిస్టిస్ అనే డైనోఫ్లాజెలేట్‌లో హరితరేణువులు పగలు కణమంతా పరుచుకుంటాయి, రాత్రి కేంద్రకం చుట్టూ ముడుచుకుంటాయి. ఇవి కణపు అంతర్గత గడియారానికి లోబడిన మార్పులు.

ఉప్పుమడి:

గడియారం ఆకారాన్ని మారుస్తుందన్న మాట సరే. ఆ మార్పు చివరికి పిండిపదార్థం చేరడం, తరగడం ద్వారానో, నీటి ఒత్తిడి ద్వారానో జరుగుతూ ఉండవచ్చు కదా? మీరు చెప్పిన సూక్ష్మనాళికల ఉదాహరణ బలమైనదే, కానీ అది స్థానం గురించిన సాక్ష్యం. స్థానాన్నీ ఆకారాన్నీ ఒకటిగా కలిపి మాట్లాడకూడదు.

గాజుపలక:

స్థానం, ఆకారం రెండూ విడివిడి విషయాలన్న ఉప్పుమడి గారి హెచ్చరిక సమంజసమే. కానీ డయాటమ్‌ల (గాజు వంటి కవచమున్న ఏకకణ శైవలాల) దగ్గరకు వచ్చేసరికి ఆ రెండింటినీ విడదీయడం కష్టమవుతుంది. నావిక్యులా, పిన్నులేరియా వంటి పొడవాటి డయాటమ్‌లలో పలకల వంటి రెండు ప్లాస్టిడ్‌లు (హరితరేణువుల వర్గపు అంగకాలు) కణం నడికట్టుకు చెరొక పక్కన ఆనుకుని ఉంటాయి. విభజన సమయంలో నావిక్యులాలో అవి అక్కడి నుంచి కవచపు ముఖాల వైపు జరుగుతాయి, చీలిక జరిగిన తరువాత మళ్లీ నడికట్టుకు చేరుతాయి. సెల్లాఫోరాలో ఒకే ప్లాస్టిడ్, రెండు నిలువు పలకలను నడుమ ఒక వంతెన కలిపినట్టు ఉంటుంది. ఎడిన్‌బరోలో డేవిడ్ మాన్ ఈ కదలికలను ఎన్నో జాతుల్లో గమనించి, జాతులను గుర్తించడానికి కూడా వాటిని ఆధారంగా తీసుకున్నారు. గాజు కవచాన్ని ఆమ్లంతో శుభ్రం చేసి, చనిపోయిన డయాటమ్‌లను మాత్రమే చూసే అలవాటు వల్ల ఈ సంగతి చాలామంది దృష్టికి రాలేదు. బతికున్న కణాన్ని చూడవలసిందే.

డయాటమ్ జీవితచక్రంలో మరొక విశేషం ఉంది. ప్రతి విభజనలో పిల్లకణం పాత కవచంలో ఒక సగాన్ని తీసుకుని, దాని లోపల ఇమిడేలా కొత్త సగాన్ని కట్టుకుంటుంది కాబట్టి, తరాలు గడిచే కొద్దీ చాలా జాతుల్లో సగటు పరిమాణం తగ్గుతూ పోతుంది. ఒక హద్దు కన్నా చిన్నవైన కణాలు లైంగిక ప్రత్యుత్పత్తికి దిగుతాయి. ఆ కలయిక నుంచి ఏర్పడే ఆక్సోస్పోరు కవచపు బంధనం లేకుండా ఉబ్బి తొలి పరిమాణాన్ని తిరిగి తెచ్చుకుంటుంది. ఆ ఉబ్బే దశలో ప్లాస్టిడ్ కూడా కొత్త చోటులోకి విస్తరించాలి. ఈ ఒక్క దశలో మాత్రం చోటే ప్రధానమన్న ఉప్పుమడి గారి మాటకు నేను సంతోషంగా అంగీకరిస్తాను.

తామరకొలను:

ఇంత శ్రద్ధగా రాస్తున్న అందరికీ కృతజ్ఞతలు. నాలుగు కశాభాలు, రెండు హరితరేణువులు ఉన్న ఆ బొమ్మ గురించి ఇంకా ఎవరూ రాయలేదు. ఆ విద్యార్థిని రోజూ అడుగుతున్నది.

కణచక్రం:

ఆ అమ్మాయి గీసినది మీ బొమ్మలన్నింటిలోనూ అరుదైనది, నా దృష్టిలో విలువైనది కూడా. అది అప్పుడే కలిసిన రెండు సంయోగబీజాల (లైంగిక కణాల) జంట. మీ వర్ధనంలో నత్రజని తరిగిపోయి ఉంటుంది. నత్రజని లేనప్పుడు క్లామిడోమోనాస్ కణాలు సంయోగబీజాలుగా మారుతాయి. ప్లస్ రకం, మైనస్ రకం కణాలు కశాభాలతో అతుక్కుని, గోడలు విడిచి, కలిసిపోతాయి. కలిసిన తరువాత ఆ జంట కొన్ని గంటలపాటు నాలుగు కశాభాలతో ఈదుతుంది. ఆ సమయంలో లోపల రెండు గిన్నెలూ విడివిడిగానే ఉంటాయి, కంటిచుక్కలూ రెండు ఉంటాయి. ఆమె వివరాలన్నీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి.

ఆ తరువాత జరిగేది ఏకకణ శైవలాల హరితరేణువు కథలో అత్యంత విచిత్రమైన ఘట్టం. రెండు హరితరేణువులు పక్కపక్కకు వచ్చి, పొరలు కలుపుకుని, ఒకే హరితరేణువు అవుతాయి. థామస్ కావలియర్ స్మిత్ 1970లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో దీనికి సాక్ష్యం చూపించారు. జంతువుల్లో, మొక్కల్లో ఎక్కడ చూసినా తల్లి అంగకం మిగలడమో, తండ్రి అంగకం లోపలికే రాకపోవడమో సాధారణం. ఇక్కడ రెండూ వస్తాయి, రెండూ కలిసిపోతాయి, అయినా వంశానికి చేరేది ఒకదాని డీఎన్‌ఏ మాత్రమే. రూత్ సాగర్ 1954లోనే స్ట్రెప్టోమైసిన్ నిరోధకతలో ఒక రకం మెండెల్ సూత్రాలకు లొంగకుండా ఒకే పక్షం నుంచి సంక్రమిస్తున్నదని చూపించారు. అది హరితరేణువు డీఎన్‌ఏకు సంబంధించినదనీ, ప్లస్ రకం నుంచే వస్తుందనీ క్రమంగా తేలింది. 1982లో కురొయివా బృందం డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే రంగుతో సంయుక్తబీజాలను (అలా కలిసి ఏర్పడిన కణాలను) చూసినప్పుడు, కలయిక జరిగిన గంటలోపే మైనస్ రకం హరితరేణువులోని డీఎన్‌ఏ చుక్కలు మాయమవుతున్నట్టు కనిపించింది. హరితరేణువులు కలవడానికి ముందే ఒకదాని డీఎన్‌ఏ నాశనమవుతున్నదన్న మాట. మైటోకాండ్రియా డీఎన్‌ఏ మాత్రం దీనికి తలకిందులుగా మైనస్ రకం నుంచి సంక్రమిస్తుంది.

ఆపైన సంయుక్తబీజం మందపాటి గోడ కట్టుకుని నిద్రావస్థలోకి వెళుతుంది. లోపల పిండిపదార్థం, నూనె నిండుతాయి. హరితరేణువు కుంచించుకుపోతుంది, దాని లోపలి థైలకాయిడ్ పొరలు తరిగిపోతాయి, గిన్నె ఆకారం గుర్తుపట్టడానికి వీలుండదు. వెలుగు, నత్రజని తిరిగి అందినప్పుడు క్షయకరణ విభజన జరిగి నాలుగు కణాలు బయటకు వస్తాయి, ప్రతిదానిలోనూ ఒక చిన్న గిన్నె ఉంటుంది.

తొలిసంజ:

చీకటిలో పెంచితే హరితరేణువు ఆకారం ఏమవుతుంది? మొక్కల్లో చీకటిలో మొలిచిన మొలకలు పసుపుగా ఉంటాయి కదా. శైవలాల్లోనూ అలాగే జరుగుతుందా?

గంధకపు ఊట:

జాతిని బట్టి ఉంటుంది. మామూలు క్లామిడోమోనాస్‌కు వెలుగు అవసరం లేకుండా పత్రహరితాన్ని తయారుచేసే ఎంజైము ఉంది కాబట్టి, ఎసిటేట్ ఆహారంగా ఇచ్చి చీకటిలో పెంచినా పచ్చగానే ఉంటుంది. వై-1 అనే ఉత్పరివర్తిత రకంలో ఆ శక్తి లేదు. అది చీకటిలో పసుపు తిరుగుతుంది, థైలకాయిడ్‌లు దాదాపు అదృశ్యమవుతాయి, కానీ హరితరేణువు బయటి పొర మిగిలే ఉంటుంది. వెలుగులో పెడితే కొన్ని గంటల్లోనే థైలకాయిడ్‌లు తిరిగి నిర్మాణమవుతాయి.

యూగ్లీనా గ్రాసిలిస్‌లో మార్పు ఇంకా లోతైనది. వెలుగులో ఒక్కో కణంలో సుమారు పది హరితరేణువులు పళ్లేల్లా పరుచుకుని ఉంటాయి. చీకటిలో తరాల తరబడి పెంచితే అవి ఒక మైక్రోమీటరు పరిమాణపు చిన్న ప్రోప్లాస్టిడ్‌లుగా క్షీణిస్తాయి. తిరిగి వెలుగు తగిలినప్పుడు ఆ ప్రోప్లాస్టిడ్‌లే సాగి, లోపల పొరలు పేర్చుకుని, సుమారు 72 గంటల్లో పూర్తి హరితరేణువులవుతాయి. ఈ నిర్మాణక్రమం ఎంత క్రమబద్ధమో, దానిని శాశ్వతంగా పోగొట్టడం కూడా అంత తేలిక. స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన యూగ్లీనా పచ్చదనం కోల్పోయి, ఆ లోపం సంతానానికి కూడా సంక్రమిస్తుందని 1948లోనే ప్రొవసోలీ, హట్నర్, షాట్జ్ ప్రకటించారు. ఆ కణాలు ఆహారం దొరికితే రంగులేకుండానే బతుకుతాయి.

ఈ వరసలో హటేనా అరెనికోలా అనే జీవిని కూడా ఇక్కడ తలచుకోవాలి. జపాన్ సముద్రతీరపు ఇసుకలో కనుగొన్న దీనిని నొరికో ఒకమొటో, ఇసావో ఇనొయె 2005లో వర్ణించారు. దీని కణంలో నెఫ్రోసెల్మిస్ అనే పచ్చని శైవలం నివసిస్తుంది. లోపలికి చేరిన తరువాత ఆ శైవలపు ప్లాస్టిడ్ పదిరెట్లకు పైగా పెరుగుతుంది. అయితే హటేనా విభజన చెందినప్పుడు ఆ పచ్చదనం ఒక పిల్లకణానికే దక్కుతుంది, రెండవది రంగులేకుండా, ఆహారం మింగే అవయవంతో మిగులుతుంది. తొలిసంజ గారు మొదట అడిగిన భయం ఇక్కడ నిజమైంది. విభజనల సమన్వయం ఇంకా కుదరని స్థితి ఎలా ఉంటుందో ఈ జీవి చూపిస్తున్నది.

గాజుపలక:

విషయం శైవలాల అంచు దాటుతుందేమో కానీ, ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశారని మనకందరికీ తెలుసు. ఆ ప్లాస్మోడియం కణంలో కూడా ఒక ప్లాస్టిడ్ ఉందని 1990ల్లో గుర్తించారు. దానిని ఏపికోప్లాస్ట్ అంటారు. ఎర్ర శైవలం నుంచి వచ్చిన ఆ అంగకం చుట్టూ నాలుగు పొరలుంటాయి, కిరణజన్య సంయోగక్రియ శక్తి పోయినా పరాన్నజీవి దాని మీదే ఆధారపడి బతుకుతుంది. సిడ్నీ నౌకాశ్రయపు పగడాల నుంచి వేరుచేసి 2008లో వర్ణించిన క్రోమెరా వెలియా, కిరణజన్య సంయోగక్రియను నిలుపుకున్న దీని బంధువు.

మనిషి ఎర్ర రక్తకణంలో ప్లాస్మోడియం ఫాల్సిపారం చక్రం సుమారు 48 గంటలు. మొదట ఏపికోప్లాస్ట్ చిన్న గుండ్రని చుక్క. పరాన్నజీవి పెరుగుతున్న కొద్దీ అది సాగుతుంది, తరువాత కొమ్మలు వేస్తుంది, చివరలో ఆ కొమ్మలు తెగి ప్రతి పిల్లకణానికీ ఒక్కో ముక్క చేరుతుంది. క్లామిడోమోనాస్ మాదిరే ఇదీ ముందు పెరిగి తరువాత అనేకంగా విడిపోయే కణం. కానీ అక్కడ గిన్నె వరుసగా రెండేసి ముక్కలవుతుంటే, ఇక్కడ అంగకం ముందే శాఖోపశాఖలై ఒకేసారి విడిపోతుంది. గంధకపు ఊట గారు చెప్పిన ఎఫ్‌టీఎస్‌జడ్ ప్రోటీన్ ఈ జీవుల్లో లేదు. దీని బంధువైన టాక్సోప్లాస్మాలో ప్లాస్టిడ్‌ను తెంపడానికి డైనమిన్ వర్గపు ప్రోటీన్ అవసరమని తేలింది. లోపలి పాత యంత్రాంగం పోయినా బయటిదానితో పని జరుగుతున్నదన్న మాట.

ఉప్పుమడి:

ఈ ఉదాహరణ నన్ను నిజంగా ఆలోచింపజేసింది. రక్తకణంలోని ఆ చిన్న చోటులో ఒక గుండ్రని ముద్దగా ఉబ్బడానికి బదులు కొమ్మలు వేయడం కేవలం చోటు వల్ల జరిగేది కాదు. పిల్లకణాలు ఎన్ని రాబోతున్నాయో దానికి తగినట్టు అంగకం ముందే సాగుతున్నది. అయితే ఒత్తిడి దశల్లోని ఆకారం విషయంలో నా అభిప్రాయం అలాగే ఉంది. హిమటోకాకస్ కోశంలో హరితరేణువును అంచుకు నెట్టినది నూనె బిందువులే.

తామరకొలను:

వచ్చే వారం ప్రయోగ తరగతిని మళ్లీ ఏర్పాటు చేస్తున్నాను. మా దగ్గర సామాన్యమైన సూక్ష్మదర్శినులు, ఒక చిన్న దీపం, గడియారపు మీట మాత్రమే ఉన్నాయి. వీటితో ఈ దశలను వరుసగా చూపించడం సాధ్యమేనా?

కణచక్రం:

తప్పకుండా సాధ్యమే. వర్ధనాన్ని తాజా పోషక ద్రావణంలోకి పలుచగా మార్చి, గడియారపు మీటతో పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి వచ్చేలా కొన్ని రోజులు నడపండి. దీపం రాత్రంతా వెలిగి, ఉదయం కళాశాల తెరిచే వేళకు ఆరిపోయేలా అమర్చుకుంటే, విభజన దశ తరగతి సమయానికి వస్తుంది. దీపం ఆరే ముందు తీసిన బిందువులో తమ్మెలు సాగిన పెద్ద హరితరేణువులు, ఆరిన తరువాత గంట గంటకూ తీసిన బిందువుల్లో నొక్కు పడినవి, రెండుగా నాలుగుగా చీలినవి కనిపిస్తాయి. పిల్లకణాలు గోడ చీల్చుకుని బయటపడేది ఆ తరువాత, చీకటి గంటల్లో. అప్పుడే పుట్టిన చిన్న కణాల కోసం, మరొక సీసాను మామూలుగా పగలు వెలుగులో, రాత్రి చీకటిలో ఉంచి, ఉదయం తరగతి మొదట్లో చూపించండి.

సంయుక్తబీజాల కోసం మరొక సీసా వేరుగా పెట్టాలి. దానిలో ప్లస్, మైనస్ రకాలు రెండూ ఉండాలి. కణాలను నత్రజని లేని ద్రావణంలోకి మార్చి వెలుగులో ఉంచితే, ఒక రోజులోగా సంయోగబీజాలు సిద్ధమవుతాయి. కదులుతున్న కణాలను అయోడిన్‌తో ఆపి, నాలుగు కశాభాలున్న వాటిని వెతకమనండి.

గాజుపలక:

ప్రతి బొమ్మ కింద బిందువు తీసిన సమయం, దీపం వెలిగి లేదా ఆరి ఎన్ని గంటలైందో, కణాన్ని ఏ పార్శ్వం నుంచి చూశారో రాయించండి. మార్కులు వేసేటప్పుడు పుస్తకంలోని బొమ్మతో కాకుండా, అదే గంటలో గీసిన మిగతా విద్యార్థుల బొమ్మలతో పోల్చి చూడండి.